మొహీనేర్ ఘోడాగులి తొలి రికార్డు: కలకత్తా నగర గీతం, దాని ప్రభావం

‘సంబిగ్న పాఖికుల్ ఓ కల్కాతా బిషయక్’ 1977లో కలకత్తాలో వెలువడిన బెంగాలీ గ్రామఫోను రికార్డు. కలత చెందిన పక్షుల గుంపు గురించీ, కలకత్తా గురించీ అని ఆ పేరుకు అర్థం. దాన్ని పాడి వాయించినవారు మొహీనేర్ ఘోడాగులి అనే యువకుల బృందం. గిటారు, శాక్సాఫోను, వయొలిన్‌లకు బావుల్ అనే సంచార భక్త గాయకుల బాణీలను జోడించి, తాము బతుకుతున్న నగరం గురించి తమ భాషలో తామే పాటలు కట్టుకున్నారు. రికార్డు వచ్చినప్పుడు కొన్నవాళ్లు తక్కువ. మెచ్చుకున్నవాళ్లు అంతకంటే తక్కువ. ఇరవై ఏళ్లు గడిచాక బెంగాలీ బ్యాండ్ సంగీతమంతా తన మూలాన్ని ఈ రికార్డులోనే వెతుక్కుంది.

ఈ బృందాన్ని భారతదేశపు తొలి రాక్ బృందంగా చాలాచోట్ల రాస్తుంటారు. అది సరికాదు. అంతకుముందే బొంబాయి, కలకత్తా, మద్రాసు, బెంగళూరుల్లో ఇంగ్లీషు పాటలు వాయించే బృందాలు ఎన్నో ఉండేవి. సిమ్లా సిగరెట్ల కంపెనీ జరిపిన ‘సిమ్లా బీట్’ పోటీల్లో నెగ్గిన బృందాల పాటలు 1970, 71 సంవత్సరాల్లో రికార్డులుగా కూడా వచ్చాయి. మొహీనేర్ ఘోడాగులి ప్రత్యేకత వేరే చోట ఉంది. పరాయిదేశపు పాటను చక్కగా అనుకరించడం చేతనైన తరం నుంచి వచ్చి కూడా ఆ పని మానేసి, తమ వీధి, తమ నది, తమ నిరాశ గురించి పాడారు. సామాజిక స్పృహ ఉన్న పాట అంటే పార్టీ పాట ఒక్కటే కానక్కర్లేదని ఆ నగరానికి మొదట చూపినవారు వీళ్లే.

జమైకా, కలకత్తా

ఈ రికార్డులో జమైకా సంగీతమైన రెగే లేదు. అయినా జమైకా రూట్స్ రెగేతో దీన్ని పక్కపక్కన పెట్టి చూడటానికి కారణాలున్నాయి. అందులో మొదటిది కాలం. జమైకాకు చెందిన కల్చర్ బృందం ‘టూ సెవెన్స్ క్లాష్’ అనే ఆల్బమ్‌ను, బాబ్ మార్లీ ‘ఎక్సొడస్’ను, పీటర్ టోష్ ‘ఈక్వల్ రైట్స్’ను తెచ్చింది కూడా 1977లోనే. నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వే జోస్యంగా జనం చెప్పుకునే మాటను పట్టుకుని, రెండు ఏడులు కలిసే రోజున లోకం తలకిందులవుతుందని కల్చర్ గాయకుడు జోసెఫ్ హిల్ పాడారు. ఆ ఏడాది జులై 7న కింగ్‌స్టన్‌లో భయపడి ఇల్లు కదలనివాళ్లు ఉన్నారట. ఒక ఆల్బమ్ నగర జీవితంలోకి అంత లోతుగా దిగింది.

రెండు చోట్లా రాజకీయ వాతావరణం కూడా దగ్గరగానే ఉంది. జమైకాలో 1976 జూన్ నుంచి ఏడాదిపాటు అత్యవసర పరిస్థితి నడిచింది. ఆ డిసెంబరు 3న మార్లీ ఇంట్లోకి చొరబడి కాల్పులు జరిపారు. గాయంతోనే ఆయన రెండు రోజుల తర్వాత వేదికెక్కి పాడారు. ఇక్కడ 1975 జూన్‌లో మొదలైన ఎమర్జెన్సీ 1977 మార్చిలో ముగిసింది. ఆ జూన్‌లో పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష కూటమి గెలిచి, జ్యోతిబసు ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ రెండు చోట్ల మధ్య ఇంకా పాత బంధం ఒకటుంది. 1845 మే 10న ‘బ్లండెల్’ అనే ఓడ కలకత్తా నుంచి కూలీలను తీసుకుని జమైకా తీరం చేరింది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి, ఒప్పందపు కూలీలుగా తీసుకెళ్లిన తొలి భారతీయులు వాళ్లు. తర్వాతి డెబ్బై ఏళ్లలో 36 వేలకు పైగా మనుషులు అలా వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది బిహారు, అవధ్ ప్రాంతాలవాళ్లు. హుగ్లీ రేవులో ఓడ ఎక్కారు. జమైకాలో గంజాయిని నేటికీ ‘గాంజా’ అనే అంటారు. ఆ మాట ఆ కూలీల నోటితో వెళ్లిందే. జమైకాలోని రాస్తాఫరీ మతస్థుల జడలకు కూడా మన సాధువులే ఆదర్శమని వాదించే పండితులున్నారు. దానిపై ఏకాభిప్రాయం లేదు.

అసలైన పోలిక సంగీతం పుట్టిన తీరులో ఉంది. రూట్స్ రెగే రాస్తాఫరీల న్యాబింగి డప్పుల మీద నిలబడింది. బాస్, ఫుండే, రిపీటర్ అనే మూడు డప్పుల ఆ వాద్యం కొండల్లోని భక్త బృందాల దగ్గర ఉండేది. కౌంట్ ఆసీ అనే వాద్యకారుడి ద్వారా 1960 ప్రాంతంలో అది స్టూడియోలోకి వచ్చింది. దాని పక్కన ఎలక్ట్రిక్ గిటారు చేరింది. తాళం మధ్య ఖాళీల్లో తెగ్గొట్టినట్టు పలికే గిటారు, ముందుకు వచ్చి పాటను మోసే బాస్, దెబ్బ కొట్టవలసిన చోట కొట్టకుండా ఆగి మూడో మాత్ర మీద పడే డ్రమ్ము, ఇవి కలిస్తే రెగే అవుతుంది. బెంగాల్లో ఆ డప్పుల స్థానం బావుల్ పాటది. ఏక్‌తారా, దోతారా, ఖమక్, డుబ్కీ పట్టుకుని, గుడినీ మసీదునూ పక్కన పెట్టి, దేహంలోనే దేవుణ్ణి వెతికే బావుల్‌లు బీర్‌భూమ్ నుంచి కుష్టియా దాకా తిరుగుతుంటారు. వాళ్లలో అందరికంటే పెద్ద పేరు లాలన్ ఫకీర్‌ది. ఆయన 1890లో కన్నుమూశారు. ఏటా మకర సంక్రాంతికి అజయ్ నది ఒడ్డున జయదేవ్ కెందులీలో వాళ్ల మేళా జరుగుతుంది. సంక్రాంతికి మన ఊళ్లలో హరిదాసులు గడపగడపకూ తిరిగే రోజుల్లోనే అక్కడ రాత్రంతా బావుల్ పాటలు నడుస్తుంటాయి.

మర్యాదస్తులైన శ్రోతలకు దూరంగా ఉండిపోయిన భక్తుల పాటను నగర యువకులు అందుకుని, దానికి కరెంటు గిటారు కట్టి, తమ రోజుల గురించి పాడటం కింగ్‌స్టన్‌లోనూ జరిగింది, కలకత్తాలోనూ జరిగింది. ఒకరి గురించి ఒకరికి తెలిసి చేసింది కాదు.

గౌతమ్ చట్టోపాధ్యాయ

మొహీనేర్ ఘోడాగులికి ప్రాణం గౌతమ్ చట్టోపాధ్యాయ. ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ ‘మాణిక్’, తర్వాతి తరం గాయకులందరికీ ‘మణిదా’. దక్షిణ కలకత్తాలోని నాక్‌తలాలో వాళ్ల ఇల్లు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకుంటూనే 1960ల చివర్లో ‘ది అర్జ్’ అనే బృందంలో గిటారు వాయించారు. అందులో తోటివాళ్లు ఎక్కువగా ఆంగ్లో ఇండియన్లు. అప్పట్లో పార్క్ స్ట్రీట్ రాత్రులంటే ట్రింకాస్, మూలాఁ రూజ్, బ్లూ ఫాక్స్ వంటి రెస్టారెంట్లలో సంగీతం, నాట్యం. ఉషా ఉతుప్ చీర కట్టుకుని ట్రింకాస్ వేదికెక్కింది కూడా 1969లో అక్కడే.

ఆ వీధికి కొన్ని మైళ్ల దూరంలోనే మరో కలకత్తా రగులుతోంది. 1967లో నక్సల్బరీలో రైతులు తిరగబడ్డాక, ప్రెసిడెన్సీ కాలేజీ నుంచే ఎంతోమంది కుర్రాళ్లు చదువు వదిలేసి ఊళ్లకు వెళ్లారు. గౌతమ్ కూడా ఆ బాట పట్టారు. పోలీసులకు దొరికి జైలు పాలయ్యారు. తోటివాళ్లు ఎంతమందో ప్రాణాలతో మిగల్లేదు. 1971 ఆగస్టులో కాశీపూర్, బరానగర్‌లలో జరిగిన మారణకాండను నగరం ఇప్పటికీ మరిచిపోలేదు. విడుదలయ్యాక ఆయన కొంతకాలం రాష్ట్రం బయటే ఉండవలసి వచ్చింది. భోపాల్‌లో, జబల్‌పూర్‌లో ఉద్యోగం చేసి, తర్వాత కలకత్తా తిరిగి వచ్చారు.

ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకుంటేనే ఆయన పాటలు అర్థమవుతాయి. ముందు పార్క్ స్ట్రీట్, తర్వాత విప్లవం, తర్వాత జైలు, ప్రవాసం, చివరికి పాట. ఆ పాటల్లో నినాదాలు లేకపోవడానికి ఉద్యమం తెలియకపోవడం కారణం కాదు. ఉద్యమంలోకి వెళ్లి, స్నేహితులను పోగొట్టుకుని, తిరిగి మామూలు వీధుల్లో నడవవలసి వచ్చిన మనిషి గొంతు అది. ఓటమి తర్వాత మిగిలే దిగులును పాడటానికి అప్పటి బెంగాలీ పాటలో చోటు లేదు. గణనాట్య సంఘం వారసత్వంగా వచ్చిన సలీల్ చౌధురీ, హేమాంగ బిశ్వాస్‌ల పాటలు పోరాడమని పిలుస్తాయి. రవీంద్ర సంగీతం ఓదారుస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలో గౌతమ్ కూర్చున్నారు.

బృందం, పేరు

1975 ప్రాంతంలో నాక్‌తలా ఇంట్లో బృందం కుదురుకుంది. గౌతమ్, ఆయన తమ్ముళ్లు ప్రదీప్, బిశ్వనాథ్, వాళ్ల బంధువు రంజన్ ఘోషాల్, వయొలిన్, పియానో వాయించే అబ్రహాం మజుందార్, గిటారుతో పాటు గొంతు కలిపే తాపస్ దాస్, తపేశ్ బందోపాధ్యాయ. తాపస్‌ను అందరూ ‘బాపీ’ అనీ, ప్రదీప్‌ను ‘బులా’ అనీ, బిశ్వనాథ్‌ను ‘బిశు’ అనీ పిలిచేవారు. అభిమానులు నేటికీ చివర ‘దా’ చేర్చి ఆ పేర్లతోనే తలుచుకుంటారు. తర్వాత రాజా బెనర్జీ వచ్చి చేరారు. గౌతమ్ గిటారుతో పాటు శాక్సాఫోను కూడా వాయించేవారు.

‘సప్తర్షి’, ‘తీరందాజ్’ వంటి పేర్లు అనుకుని వదిలేశాక, రంజన్ ఘోషాల్ సూచించిన పేరు నిలిచింది. మొహీనేర్ ఘోడాగులి అంటే మొహీన్ గుర్రాలు. జీవనానంద దాస్ రాసిన ‘ఘోడా’ అనే కవితలోవి ఆ గుర్రాలు. మొహీన్ ఎవరో కవిత చెప్పదు. చరిత్రకు ముందటి కాలం నుంచి నడిచివచ్చి ఇప్పటికీ మేత మేస్తున్నట్టుండే ఆ జంతువుల్లో ఈ కుర్రాళ్లకు తమ సంగీతం కనిపించింది. జీవనానంద బతికుండగా ఆయనకు రావలసినంత గుర్తింపు రాలేదు. 1954 అక్టోబరులో కలకత్తా వీధిలో ట్రాము ఢీకొని చనిపోయారు. రవీంద్రుడి తర్వాతి బెంగాలీ కవుల్లో అందరికంటే నగరాన్నీ ఒంటరితనాన్నీ దగ్గరగా చూసినవాడు ఆయనే. బృందం తన పేరును ఆయన దగ్గర తెచ్చుకోవడంలోనే తన దారి చెప్పింది.

రికార్డు

అప్పటి బెంగాలీ పాటల వ్యాపారం దుర్గాపూజ చుట్టూ తిరిగేది. ఏటా శరత్కాలంలో హెచ్.ఎం.వి. కంపెనీ ‘శారద అర్ఘ్య’ అనే పుస్తకంతో సహా కొత్త ‘ఆధునిక్’ పాటలు విడుదల చేసేది. హేమంత ముఖోపాధ్యాయ, మన్నాడే, సంధ్యా ముఖోపాధ్యాయ ఆ ఏడు ఏం పాడారన్నది ఇంటింటా చర్చ. పాట ఒకరు రాసి, బాణీ మరొకరు కట్టి, ఇంకొకరు పాడటం ఆ వ్యాపారపు పద్ధతి. ప్రేమ, విరహం, వర్షం దాని సరుకు. అందులో గొప్ప పాటలున్నాయి. కానీ కరెంటు కోతలు, తవ్విపడేసిన మెట్రో గుంటలు, ఉద్యోగాలు లేని డిగ్రీలు, కనిపించకుండా పోయిన కొడుకులు ఉన్న నగరం వాటిలోకి రాలేదు. ఆ పని సినిమా, నాటకం ముందే మొదలుపెట్టాయి. మృణాల్ సేన్ ‘ఇంటర్వ్యూ’, ‘కలకత్తా 71’, ‘పదాతిక్’ తీశారు. సత్యజిత్ రాయ్ ‘ప్రతిద్వంద్వి’, ‘జన అరణ్య’ తీశారు. బాదల్ సర్కార్ వేదికనే వదిలేసి జనం మధ్యకు నాటకాన్ని తెచ్చారు. వెనకబడింది పాట ఒక్కటే.

‘సంబిగ్న పాఖికుల్’ ఆ వెనకబాటును పూడ్చింది. రాసినవాళ్లే బాణీ కట్టి, వాళ్లే పాడి, వాళ్లే వాయించారు. రికార్డులోని ‘హాయ్ భాలోబాషీ’ పాటను దగ్గరగా వింటే ఆ పద్ధతి తెలుస్తుంది. పల్లెలో వెన్నెల, పడవలు, పంటపొలాలు, కొండల వంటి ఇష్టాలతో పాట నింపాదిగా మొదలవుతుంది. నగరపు చదువరి ఇష్టాలు తర్వాత వస్తాయి. పికాసో, బున్యుయెల్, డాంటే, బీటిల్స్, డిలన్, బీథోవెన్ వరసగా వచ్చి, రవిశంకర్, అలీ అక్బర్‌ల సంగీతం దగ్గర ఆగుతుంది. ఇవన్నీ ఇష్టమే, అయినా ఏదీ రుచించడం లేదెందుకని పాడేవాడు తనను తానే అడుగుతాడు. ఈ సుఖాల వెనక దాగిన దుఃఖం ఎక్కడిదని వెతుకుతాడు. పల్లెల్లో, రేవుల్లో చెమటోడ్చి పనిచేసేవాళ్లను చూసినప్పుడు ఏదీ రుచించదని చివరికి తనే చెబుతాడు. ‘మీరు ఆకలి గురించి ఆలోచించండి’ అని పాట ఎవరికీ చెప్పదు. కాఫీ హౌస్‌లో కూర్చుని డాంటే గురించి మాట్లాడుకునే కుర్రాడికి తన కప్పు చేదెక్కుతుంది, అంతే. ప్రతి పల్లవికీ పేరుకునే ఆ అసౌకర్యమే పాటలోని సామాజిక స్పృహ.

గొంతులు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి. ఆధునిక్ పాటల తీపి వాటిలో లేదు. స్నేహితులు మేడ మీద కూర్చుని పాడుకుంటున్నట్టు కలిసీ కలవకుండా సాగుతాయి. పాశ్చాత్య స్వరమేళనం వింటున్నామనుకునేలోగా బావుల్ విరుపు ఒకటి తగులుతుంది. గౌతమ్ తమ సంగీతాన్ని ‘బావుల్ జాజ్’ అనేవారు. బావుల్ పాట అంతకుముందే విదేశాలు చూసింది. పూర్ణదాస్ బావుల్, ఆయన తమ్ముడు లక్ష్మణ్ దాస్ 1967 నాటి బాబ్ డిలన్ ‘జాన్ వెస్లీ హార్డింగ్’ ఆల్బమ్ అట్ట మీద డిలన్ పక్కనే నిలబడి ఉంటారు. అమెరికా అట్ట మీదికెక్కిన బావుల్ కలకత్తా గిటారు పక్కకు చేరడానికి మరో పదేళ్లు పట్టింది.

శ్రోతలు దీన్ని ఆదరించలేదు. పాడే తీరు శాస్త్రానికి లొంగదని సంగీతజ్ఞులకు నచ్చలేదు. గిటారు పట్టుకోవడమే అమెరికా అనుకరణ అని నమ్మే వామపక్ష సాంస్కృతిక కార్యకర్తలకూ నచ్చలేదు. ఆ రెండో విమర్శ అన్యాయమైనది. జైలు అనుభవించి వచ్చిన మనిషికి విదేశీ మోజు అంటగట్టడం ఆ పాటలు వినకుండా చేసిన తీర్పు.

తర్వాత 1978లో ‘అజానా ఉడంత బస్తు’, 1979లో ‘దృశ్యమాన్ మొహీనేర్ ఘోడాగులి’ వచ్చాయి. మూడు రికార్డులూ కలిపినా పది పాటలు కూడా లేవు. రెండో దాని పేరుకు గుర్తు తెలియని ఎగిరే వస్తువు అని అర్థం. మూడోదానిలోని ‘చైత్రేర్ కాఫన్’ విన్నవాళ్లు ఆ దిగులును మరిచిపోలేరు. 1979లో రవీంద్ర సదన్‌లో కచేరీ కూడా చేశారు. బతుకుతెరువు వెతుక్కుంటూ సభ్యులు తలో దిక్కు వెళ్లడంతో 1981లో బృందం చెదిరిపోయింది.

ఇరవై ఏళ్ల తర్వాత

బృందం విడిపోయాక గౌతమ్ సినిమా వైపు వెళ్లారు. సంచార జాతుల జీవితం మీద తీసిన ‘నాగమతి’కి జాతీయ చలనచిత్ర పురస్కారం వచ్చింది. రికార్డులు దొరకని సరుకయ్యాయి. పాటలు మాత్రం కాలేజీ హాస్టళ్లలో, మేడల మీద, దూరప్రయాణపు రైళ్లలో నోటినుంచి నోటికి పాకాయి. ఎవరు కట్టారో తెలియకుండానే పాడినవాళ్లు ఎంతోమంది.

1992లో సుమన్ చట్టోపాధ్యాయ ‘తోమాకే చాయ్’ క్యాసెట్ వచ్చి బెంగాలీ పాటను కుదిపేసింది. తర్వాత కబీర్ సుమన్‌గా పేరు మార్చుకున్న ఈ గాయకుడు జర్మనీ, అమెరికా రేడియోల్లో పనిచేసి తిరిగొచ్చినవారు. ఒక్కడే గిటారు పట్టుకుని నగరాన్ని పేరుపేరునా పలకరించారు. మరుసటి ఏడు నచికేత, 1994లో అంజన్ దత్ ఆ దారిలో వచ్చారు. ఈ పాటలను ‘జీవన్‌ముఖీ’ అన్నారు. సుమన్ గెలుపుతోనే మొహీనేర్ ఘోడాగులికి తలుపు తెరుచుకుందన్నది నిజం. జనం చెవులు అప్పటికి సిద్ధమయ్యాయి.

1995లో కలకత్తా పుస్తక ప్రదర్శనలో ‘ఆబార్ బఛర్ కుడీ పరే’ క్యాసెట్ విడుదలైంది. మళ్లీ ఇరవై ఏళ్ల తర్వాత అని అర్థం వచ్చే ఈ పేరూ జీవనానంద కవిత్వం నుంచి వచ్చినదే. పాట క్యాసెట్టు పుస్తకాల సంతలోకి రావడం మనకు వింతగా తోచవచ్చు. అప్పట్లో మైదానంలో దుమ్ము రేపుకుంటూ జరిగే ఆ ప్రదర్శనకు నగరంలో చదువుకున్న ప్రతి కుటుంబం ఏటా వెళ్లేది. ఈ పాటల శ్రోతలు అక్కడే ఉన్నారని గౌతమ్‌కు తెలుసు.

ఆ క్యాసెట్ మీద బృందాన్ని గాయకులుగా కాక ‘సంపాదకులు’గా పేర్కొన్నారు. గౌతమ్ చేసిన పనుల్లో దీన్ని అన్నిటికంటే ముందు చెప్పుకోవాలి. తన పేరుకు అప్పుడే వెలుగు వస్తోంది. పాత పాటలన్నీ మళ్లీ పాడేసుకుని ఉండవచ్చు. అలా చేయకుండా ఎవరికీ తెలియని కుర్ర బృందాలను, కొత్త రచయితలను పిలిచి, పాత పాటల పక్కన వాళ్ల పాటలు పెట్టారు. అదే పద్ధతిలో ‘ఝరా సమయేర్ గాన్’, ‘మాయా’, ‘ఖ్యాపార్ గాన్’ 1990ల చివరిదాకా వచ్చాయి. రేడియో, టీవీ తలుపు తీయని కుర్రాళ్లకు ఈ నాలుగు సంకలనాలే వేదిక. వాటిలోంచి వచ్చిన ‘తోమాయ్ దిలామ్’, ‘టెలిఫోన్’, ‘పృథివీ’ పాటలు తెలియని బెంగాలీ యువత లేదంటే అతిశయోక్తి కాదు. కాక్టస్, చంద్రబిందు, ఫాసిల్స్, భూమి వంటి బృందాలు తర్వాతి ఏళ్లలో వేలమంది ముందు పాడసాగాయి. గౌతమ్ కొడుకు గౌరవ్ డ్రమ్ములు వాయించే లక్ష్మీఛాడా కూడా ఆ తరంలోదే.

‘పృథివీ’ పాట కథ విడిగా చెప్పదగినది. కేబుల్ టీవీ ఇళ్లలోకి వచ్చిన కొత్తలో కట్టిన పాట అది. ఉపగ్రహాలు, తీగల మధ్య ప్రపంచం చిన్నదై గదిలో పెట్టెలో ఇరుక్కుంటోందని, ఎంత దగ్గరైనా మనిషికి మనిషి దూరమవుతున్నాడని పాడుతుంది. 2006లో వచ్చిన ‘గ్యాంగ్‌స్టర్’ హిందీ సినిమాకు సంగీత దర్శకుడు ప్రీతమ్ ఈ బాణీనే వాడారు. బంగ్లాదేశ్ రాక్ గాయకుడు జేమ్స్ గొంతులో అది ‘భీగీ భీగీ’ అయి దేశమంతా మోగింది. హైదరాబాదు, విజయవాడ కుర్రాళ్లు కూడా ఆ పాటను పాడుకున్నారు. టీవీ యుగపు ఒంటరితనం మీద కట్టిన బాణీ తడిసిన రాత్రుల ప్రేమగీతంగా మారిపోయింది. బాణీ ఎంత దూరమైనా వెళ్తుందనడానికి అది సాక్ష్యం. మాట మాత్రం వెనకే ఉండిపోయింది, అది నష్టమే.

గౌతమ్ 1999 జూన్ 20న హఠాత్తుగా మరణించారు. అస్సాంలోని కర్బీ ప్రజల మీద తీస్తున్న సినిమా మధ్యలో ఆగిపోయింది. రంజన్ ఘోషాల్ ప్రకటనల రంగంలో, నాటకరంగంలో పనిచేసి 2020 జులైలో బెంగళూరులో కన్నుమూశారు. అబ్రహాం మజుందార్ కోల్‌కతాలో పిల్లలకు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్పే పాఠశాల స్థాపించారు. ఈ పాటలను వేదికల మీద చివరిదాకా పాడినవారు బాపీ దాస్. ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందని తెలిశాక ఆయన పాటలు విని పెరిగిన బృందాలు కచేరీలు చేసి వైద్యానికి డబ్బు పోగుచేశాయి. సంకలనాల రోజుల్లో నాటిన స్నేహం అలా నిలబడింది. 2023 జూన్ 25న ఆయన పోయారు.

తెలుగు నేల మీద

నక్సల్బరీ నిప్పు పాటగా మారిన తీరు తెలుగునాట పూర్తిగా వేరు. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమానికి తెచ్చి, 1969 డిసెంబరులో ప్రాణం ఇచ్చారు. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. గద్దర్, వంగపండు ప్రసాదరావు గొల్లసుద్దులను, వీధిభాగవతాన్ని, జానపద బాణీలను కొత్త మాటలతో నింపి లక్షలమందిని కదిలించారు. ఇక్కడ పాట జనాన్ని కూడగట్టే పని చేసింది. కలకత్తాలో అదే తరం మనిషి గిటారు తీసుకుని కొద్దిమంది స్నేహితుల మధ్య తన మనసును తవ్వుకున్నాడు. మొదటిది పొలంలో పుట్టింది, రెండోది కాలేజీ మెట్ల మీద. సంఖ్యతో కొలిస్తే మన పాట చాలా పెద్దది. కానీ ఉద్యమం వెనక్కి తగ్గిన రోజుల్లో ఇంటికొచ్చిన యువకుడి లోపలి వెలితిని పాడే గొంతు ఆ కాలంలో మనకు దొరకలేదు. దాన్ని మన కవులు పుస్తకాల్లో రాశారు, బాణీ కట్టినవాళ్లు అరుదు.

రెండు ప్రాంతాల మధ్య రాకపోకలు మాత్రం ఆ ఏళ్లలోనే జరిగాయి. మొహీనేర్ ఘోడాగులి రికార్డు వచ్చిన 1977లోనే మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ ఆధారంగా తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశారు. కలకత్తా దర్శకుడు గౌతమ్ ఘోష్ తొలి కథాచిత్రం ‘మాభూమి’ కూడా తెలుగే. బి. నరసింగరావు దానికి నిర్మాత. అందులో గద్దర్ తెరమీద కనిపించి పాడారు.

రెగే విషయానికొస్తే, భారతదేశంలో అది ఢిల్లీ, గోవాల ద్వారా నిలదొక్కుకుంది. 2009లో ఢిల్లీలో రెగే రాజాస్ మొదలైంది. వాళ్ల చొరవతో 2016 నుంచి గోవాలో సన్‌స్ప్లాష్ ఉత్సవం జరిగింది. ఢిల్లీ సుల్తనత్ పేరుతో పాడే తరు డాల్మియా 2010 ప్రాంతంలో ‘వర్డ్ సౌండ్ పవర్’ అనే బృందం తరఫున పంజాబ్ దళిత గాయకుడు బంత్ సింగ్‌తో పాటలు చేశారు. కూతురిపై జరిగిన అత్యాచారానికి న్యాయం అడిగినందుకు 2006లో దాడికి గురై రెండు చేతులు, ఒక కాలు కోల్పోయినా పాడటం ఆపని మనిషి బంత్ సింగ్. తర్వాత ఆ బృందం ఒడిశాలోని కోరాపుట్ ఆదివాసీ గాయకులతోనూ పనిచేసింది. మన విజయనగరం, పార్వతీపురం కొండలకు అవతలి వైపే కోరాపుట్.

తెలుగులో ఆ తాళాన్ని సొంతం చేసుకున్నది హైదరాబాదు బృందం చౌరస్తా. రామ్ మిరియాల, యశ్వంత్ నాగ్ తదితరులు కట్టిన ‘ఊరెళ్లిపోత మామ’ నగరానికి వలస వచ్చి ఊరి మీద బెంగపడే మనిషి పాట. జానపద బాణీకి రెగే గిటారు కట్టారు. 2020లో కరోనా జాగ్రత్తల మీద వాళ్లు చేసిన పాట కూడా ఊరూరా వినిపించింది. రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకి వెళ్లి, 2021లో ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాటతో తెలుగువాళ్లందరికీ తెలిశారు.